మూడు చేతుల ఊళ్ళో ఇరవై ప్రశ్నలు

వెలుగు 2

పరీక్ష నడిపేవాళ్ళు రోజువారీ రాత పెట్టాలని కేంద్రం ఆర్డరు. జరిగింది జరిగినట్టు రాయాలట, సొంత అభిప్రాయాలు కలపకూడదట. మొదటిది చేస్తాను. రెండోది నా వల్ల కాదని ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు ఏస్తేరు. బిలంపాలెం ఆస్పత్రిలో నర్సుని. ఆస్పత్రంటే మూడు మంచాలు, ఒక తెర, నేను. డాక్టరుగారు ఇక్కడి ఊళ్ళన్నిటినీ నడిపే కేంద్రంలో ఉండి తెరలో మాట్లాడతారు. ఊళ్ళో జనం మూడొందల పన్నెండు. మా తాతలు ఒంగోలు వైపు గ్రానైటు క్వారీల్లో రాయి కోసినవాళ్ళు. చంద్రుడి మీద సొరంగం తొలవడానికి రాయి తెలిసిన చేతులు కావాలని వాళ్ళని తీసుకొచ్చారు. తొలిచారు, అందులోనే ఉండిపోయారు. పైన పద్నాలుగు రోజులు వెలుగు, పద్నాలుగు రోజులు చీకటి. కింద మాకు ఎప్పుడూ ట్యూబులైటే గానీ, తేదీలు మాత్రం పైనున్న సూర్యుణ్ణి బట్టే వేసుకుంటాం.

ఇవాళ్టి పనులు: ఇద్దరికి బీపీ చూశాను. రాయి కోసేవాడొకడికి కంట్లో పడిన దుమ్ము తీశాను. వంటింటి కాశింబీకి అరచేతికి పూత మందు ఇచ్చాను, పెనం కాలిందట. నెల రోజుల్లో ఇది మూడోసారి. పెనం పట్టుకోవడం కూడా రాదా నీకు అని కేకలేశాను.

మధ్యాహ్నం కేంద్రం నుంచి ఫారం వచ్చింది. ఓసీడీ అనే జబ్బుని కనిపెట్టే ఫారం. ఒకే ఆలోచన పట్టుకుని వదలకపోవడం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయకుండా ఉండలేకపోవడం, అందులోనే రోజంతా గడిచిపోవడం, ఇదీ ఆ జబ్బు. ఇంగ్లీషులో ఎవరో రాసిన ఇరవై ప్రశ్నల్ని మెషీను తెలుగు చేసింది. ఆ తెలుగు ఫారం మా జనానికి పనికొస్తుందో లేదో నలభైమంది మీద నేను పరీక్షించాలి. చీకట్లు ముగిసేలోగా లెక్క తేలాలి. ఆ తర్వాత ఫారంలో పాతిక మార్కులు దాటినవాళ్ళు ఎవరూ గాలి బయటికి పోకుండా కాసే తలుపుల డ్యూటీ చేయకూడదు. సరిపడా మనుషులు మిగలకపోతే మా తలుపుల్ని కేంద్రం నుంచి మెషీనే నడుపుతుంది.

మా తలుపులు మెషీను చేతికట. ఆ ముక్క దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఫారం మడిచి సొరుగులో పెట్టి, కాసేపయ్యాక మళ్ళీ తీశాను.

వెలుగు 4

బయటి గదిలోంచి మందుల పెట్టె తెచ్చుకోవడానికి పెద్ద తలుపు దగ్గరికి వెళ్ళాను. అక్కడి పెద్ద మాలకొండయ్య మామ. అరవై ఆరేళ్ళు, తెల్ల మీసం, ఊళ్ళో సగంమందికి తలుపు పని నేర్పింది ఆయనే. పెట్టె లోపలికొచ్చాక తలుపు మూశాం. మామ రబ్బరు అంచు మీద అరచెయ్యి ఆనించి చుట్టూ తడుముకుంటూ వచ్చి "చూశా" అన్నాడు. తర్వాత నేను, అలాగే చుట్టూ, "చూశా" అన్నాను. డ్యూటీలో ఉన్న ఇంకొకామె మూడో చెయ్యి వేసి "మూసుకుంది" అన్నాక అందరం కదిలాం.

తాతల కాలంలో ఒకే చేత్తో చూసిన తలుపు వల్ల పదకొండుమంది పోయారు. అప్పట్నించీ మూడు చేతులు. పెళ్ళిళ్ళలో కూడా కొత్త జంట తమ ఇంటి తలుపుకి చెయ్యి తిప్పి "చూశా" అంటే, పెద్దవాళ్ళొకరు "మూసుకుంది" అన్నాకే అక్షింతలు. నలభై ఏడేళ్ళలో మా సొరంగంలోంచి చిటికెడు గాలి బయటికి పోలేదు. ఈ మాట ఇంతకుముందు కూడా కేంద్రానికి చాలాసార్లు రాశాను. ఇంకా రాస్తాను.

సాయంత్రం నలభైమందినీ భోజనశాలలో కూచోబెట్టి ఫారాలు పంచాను. మొదటి ప్రశ్న: తలుపులూ తాళాలూ రోజుకి ఎన్నిసార్లు సరిచూసుకుంటారు? అక్కడ అంకె వేయాలి. మిగతా పందొమ్మిది ప్రశ్నలకీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసుకోవాలి. చూడకపోతే ప్రమాదం జరుగుతుందని భయపడతారా? చూసినదాన్ని మళ్ళీ చూస్తారా? దుమ్ము అంటుకుందని పదేపదే దులుపుకుంటారా? ఇలాంటివి.

మా వాళ్ళు మార్కులు అనగానే నడుం బిగించారు. పక్కవాడు మూడు వేస్తే వీడు నాలుగు. దులుపుకోవడం దగ్గర ఒకావిడ నాలుగు కొట్టేసి ఐదు వేసింది. మాలకొండయ్య మామ అందరికంటే ముందు లేచి ఫారం నా చేతిలో పెట్టాడు.

"డెబ్బై ఒకటి వచ్చినయ్యమ్మే. నాకంటే పైన ఎవురన్నా ఉండారా?"

"ఇది జబ్బుని కనిపెట్టే కాగితం మామా. ఎక్కువొస్తే మంచిది కాదు."

"జాగర్తగా ఉండటం జబ్బెట్టా అయిద్ది? వాళ్ళకేం తెలవదులే, నువ్వు ఆ డెబ్బై ఒకటి మాత్రం సక్కగా పంపు."

లెక్కేస్తే నలభైమందిలో ముప్పై తొమ్మిదిమంది పాతిక దాటారు. దాటనిది ఒక్క కాశింబీ. దానికి వచ్చినవి నాలుగు మార్కులు, మొదటి ప్రశ్నకి సున్నా. "తలుపే చూసుకోదంటమ్మా" అని భోజనశాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

వెలుగు 6

డాక్టర్ వకుళగారు తెరలోకి వచ్చారు. కేంద్రంలో మనసు జబ్బులు చూసేది ఆవిడే.

"సిస్టర్, మీ ఊళ్ళో నూటికి తొంభై ఏడుమందికి ఓసీడీ ఉందంటారా?"

"మా ఊళ్ళో నూటికి తొంభై ఏడుమందికి బుద్ధి ఉందంటానండీ. గాలి ఊరికే దొరికే చోట కూచుని ఎవరో రాసిన ప్రశ్నలవి. అక్కడ తలుపు పదిసార్లు చూసుకుంటే జబ్బేమో. ఇక్కడ చూసుకోకపోతే చావు. చూడకపోతే ప్రమాదమని భయమా అని అడిగితే, భయం లేదని ఎవరు రాస్తారు?"

ఆవిడ కోప్పడలేదు. కాసేపు ఏదో రాసుకుని, "అయితే ప్రశ్నలు మీరే తిరగరాయండి" అన్నారు. "కానీ రెండు పనులు జరగాలి. బాగున్నవాళ్ళని మీ ఫారం వదిలేయాలి. బాగాలేనివాళ్ళని పట్టుకోవాలి. నలభైమందితోనూ నేను విడిగా మాట్లాడతాను, వాళ్ళ మార్కులు నాకు చెప్పకండి. చివర్లో రెండూ పోల్చి చూద్దాం."

"మా ఊళ్ళో బాగాలేనివాళ్ళు ఎవరూ లేకపోతే?"

"అప్పుడు మీ ఫారం పనిచేస్తుందని నేను సంతకం పెట్టలేను సిస్టర్. ఎవర్నీ పట్టుకోని జల్లెడ మంచిదో చిల్లులదో ఎలా చెప్పను? పాత ఫారమే అమల్లోకి వస్తుంది."

అంటే పాత ఫారం, ముప్పై తొమ్మిదిమంది ఇంటికి, తలుపులు మెషీనుకి. తెర ఆరిపోయాక నేను మంచం అంచు మీద కూచుని వేళ్ళు విరుచుకున్నాను.

వెలుగు 9

మూడు రోజులుగా ఇదే పని. ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్న పైకి చదవమంటాను. చదివాక మనసులో ఏమొచ్చిందో చెప్పమంటాను. వాళ్ళు చెప్పింది నేననుకున్నది కాకపోతే ప్రశ్న కొట్టేసి మళ్ళీ రాస్తాను. ఒక ప్రశ్నని పదకొండుసార్లు రాశాను.

ఎన్నిసార్లు అని అడగడం మానేశాను. మా ఊళ్ళో ఎన్నిసార్లు అంటే గొప్ప చెప్పుకోవడమే. పైగా డ్యూటీ రాసుకునే అలవాటు కొద్దీ తమ జట్టు మొత్తం చూసినవి కలిపి ఒక్కరే వేసుకున్నారు. మొదటి ప్రశ్నకి మామ వేసిన నూట పద్దెనిమిదిలో మూడోవంతు మాత్రమే ఆయనది. కాబట్టి చూడటం గురించి వదిలేసి, చూశాక ఏమవుతుందో అడిగాను. ఇప్పుడు మొదటి ప్రశ్న ఇది: మూడో చెయ్యి "మూసుకుంది" అన్నాక, మీ మనసు ఆ తలుపు దగ్గర్నించి కదులుతుందా?

మామ చదివి నా వైపు వింతగా చూశాడు.

"కదలకేం. టిఫినుకి పోద్ది."

అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రాయి కోసేవాళ్ళ మనవరాలిని, చదివింది నర్సు చదువు, కేంద్రంలో పెద్ద చదువుల వాళ్ళకి తట్టనిది నాకు తట్టింది. గొప్ప అనుకుంటే అనుకోండి. ఆ ప్రశ్న నాది.

వెలుగు 12

కొత్త ఫారం నింపించాను. ముప్పై తొమ్మిదిమందీ పాతిక లోపే. మాలకొండయ్య మామకి ఆరు మార్కులు, ఆయన మొహం చూడాలి. "ఆరేనా? డెబ్బై ఒకటొచ్చినోడికి ఆరా?" అని రోజంతా గొణుగుతూనే ఉన్నాడు.

ఊరంతా పండగ చేసుకుంటోంది, మన ఊళ్ళో ఆ జబ్బే లేదని. నేను మాత్రం అన్నం కెలుకుతూ కూచున్నాను. జబ్బున్న మనిషి ఒక్కరూ లేకపోతే డాక్టరుగారు సంతకం పెట్టరు. ఊరు బాగుందని ఏడ్చే నర్సు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నలభయ్యో ఫారం కాశింబీది, ఖాళీగా తిరిగొచ్చింది. తలనొప్పిగా ఉందని చెప్పి పంపింది. కాశింబీ, నేను ఒకే గదిలో పెరిగాం. ఒకప్పుడు పెద్ద తలుపుకి దాన్ని మించిన చెయ్యి లేదు. మూడేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులని డ్యూటీ మానేసి వంటింట్లో చేరింది. ఇవాళ పుట్టగొడుగుల కూర మాడింది. పొయ్యి ఆలస్యంగా వెలిగించిందట, ఈ వారంలో రెండోసారి. వాళ్ళింటికీ వంటింటికీ మధ్య రెండొందల అడుగులు, దారిలో రెండు చిన్న తలుపులు, లోపలివి గనక ఎవరికి వాళ్ళే చూసుకుని పోవచ్చు.

గిన్నె కడుక్కుంటూ దాని చేతుల వైపు చూశాను. కుడి అరచెయ్యి ఎర్రగా, తోలు లేచిపోయి ఉంది. పెనం కాలితే వేళ్ళ కొసలు కాలతాయి. అరచెయ్యి మధ్యలో అరగదు. నేను నర్సుని, మూడుసార్లు మందు రాసిచ్చాను, మూడుసార్లూ ఆ మాట నాకు తట్టలేదు.

చీకటి 1

వాళ్ళింటికి వెళ్ళి తలుపు వేసి కూచున్నాను. నేను తలుపు వేస్తుంటే కాశింబీ నా చెయ్యి వైపే చూస్తూ ఉంది.

"పాత ఫారంలో సున్నా ఎందుకేశావే?" అని అడిగాను.

"అబద్ధం రాయలేక."

"తలుపు అస్సలు చూడవా నువ్వు?"

అరచెయ్యి ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఆ తర్వాత ఆగకుండా చెప్పింది.

"చూసినట్టు అనిపిస్తేనే గదా ఒకటి ఎయ్యాలి. చెయ్యి చుట్టూ తిప్పుతా. తిప్పడం అయ్యేసరికి, మొదలెట్టిన చోట సరిగ్గా ఆనిందో లేదో అని డౌటు. మళ్ళా మొదట్నించీ. అట్టా తిప్పతానే ఉంటా. నా వల్ల అందరూ పోతారని కళ్ళకి కనపడతా ఉంటది ఏస్తేరూ, పిల్లల మొహాలతో సహా. ఆరింటికి పొయ్యి ఎలిగించాలంటే నాలుగున్నరకే బయల్దేరతా. రెండు తలుపులు దాటడానికి గంటన్నర. మూడేళ్ళుగా నేను తలుపు చూసింది ఒక్కసారి కూడా లేదు. సున్నా గాక ఏం రాయమంటావు?"

"చూసిందే మళ్ళీ చూస్తారా అన్నదానికీ సున్నానే వేశావు."

"మళ్ళా అనేది ఒకసారి అయినాక గదా."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. భోజనశాలలో అందరితో కలిసి నవ్వినందుకు సిగ్గేసింది. అదే మాట దానితో చెప్పాను. నా కొత్త ప్రశ్నల కాగితం తీసి చేతిలో పెట్టాను. మొదటి ప్రశ్న చదివి, తలెత్తి నన్ను చూసింది.

"ఇది నన్ను చూసి రాశావా?"

"నిన్ను చూసుంటే మూడేళ్ళ కిందటే రాసేదాన్ని."

ఒక్కొక్క ప్రశ్న దగ్గరా ఆగి, ఆలోచించి, మొత్తం నింపింది. యాభై ఎనిమిది మార్కులు. పట్టుకున్నందుకు సంతోషించాలో, పట్టుబడింది కాశింబీ అయినందుకు ఏడవాలో నాకు తెలియలేదు. రెండూ చేశాను.

చీకటి 3

ఫారాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. కానీ ఇంత చిన్న ఊళ్ళో, నలభైమందిలో ఒక్కరికే జబ్బు ఉందంటే ఆ ఒక్కరు ఎవరో తేలడానికి ఒక పూట చాలు. ఈ ఊళ్ళో చెయ్యి మంచిది కాదనిపించుకోవడం కంటే పెద్ద అవమానం లేదు. అందుకే కాశింబీ కాగితం నేను పంపలేదు. అది సరే అంటేనే పంపుతానని చెప్పాను. పంపకపోతే తలుపులు పోతాయన్న సంగతీ దాచలేదు, దాస్తే దానికి తెలియకుండా పోదు.

ఇవాళ పొద్దున అదే వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పెద్ద తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. మాలకొండయ్య మామ ఎదురుగా నిలబడి, "మామా, నాకు మోకాళ్ళ నొప్పులు లేవు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

మామ మెల్లగా బల్ల మీద కూచున్నాడు.

"నీ చెయ్యి తలుపు మీద చానాసేపు ఉండేది గదమ్మే. చూస్తే అట్టా చూడాలని నలుగురిలో నిలబెట్టి మెచ్చుకున్నా నిన్ను. మెచ్చుకునేకొద్దీ ఇంకాసేపు ఉంచేదానివి." మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, మెలేయలేదు. "నాకు తెలవలా తల్లీ."

"ఎవురికీ తెలవనీలేదు మామా."

"ఇప్పుడు తెలిసినా ఎవుడూ ఏమనడు. అన్నోడు నాకాడికి రావాల."

కాశింబీ నా వైపు తిరిగి, "నా కాగితం పంపు" అంది. వెంటనే వంటింటికి వెళ్ళిపోయింది, పొయ్యి మీద పప్పు ఉందని.

ఈ ఊళ్ళో ధైర్యం గలవాళ్ళ జాబితా ఎవరైనా రాస్తే మొదటి పేరు ఎవరిదో నాకు తెలుసు. బయట రాయి కోసేవాళ్ళు నన్ను క్షమించాలి.

చీకటి 12

అదే ఫారాన్ని పద్నాలుగు రోజుల తర్వాత అవే మనుషుల చేత ఇంకోసారి నింపించాలి. మొదటిసారికీ రెండోసారికీ మార్కులు దగ్గరదగ్గరగా ఉంటేనే ఫారాన్ని నమ్మొచ్చు. ముప్పై తొమ్మిదిమంది నింపి ఇచ్చారు. కాశింబీది మాత్రం పదకొండో రోజే తీసుకున్నాను, గడువు దాటిపోతుందని, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాను. మామకి మొదట ఆరు, ఇప్పుడు ఏడు. పెరిగిందని కాస్త తేరుకున్నాడు. కాశింబీకి యాభై ఎనిమిది, యాభై ఏడు.

వకుళగారు నలభైమందితోనూ విడివిడిగా మాట్లాడటం నిన్నటితో పూర్తయింది. ఇవాళ తెరలో ఆవిడ పట్టీ, నా పట్టీ పక్కపక్కన పెట్టాం. ఆవిడ జబ్బు లేదన్న ముప్పై తొమ్మిదిమందీ నా ఫారంలో పాతిక లోపు. ఆవిడ జబ్బుందన్నది ఒక్కరు. అదే నంబరు నా పట్టీలోనూ.

"ఒక్కరితో అంతా తేలిపోయినట్టు కాదు, ఇంకా పెద్ద పరీక్షలు చేయాలి" అన్నారు వకుళగారు. "అయినా పాత ఫారాన్ని మీ ఊరికి ఆపేయడానికి ఇది చాలు. తలుపులు మీ చేతుల్లోనే ఉంటాయి. మిగతా తెలుగు సొరంగాలకి కూడా ఇదే పద్ధతి పంపుతాను. వాళ్ళ ఊరి అలవాట్లకి తగ్గట్టు వాళ్ళు ప్రశ్నలు మార్చుకుంటారు. కింద మీ పేరు ఉంటుంది."

పేరు పెద్ద అక్షరాల్లో వేయమని అడగబోయి మానుకున్నాను.

తర్వాత ఆవిడ చికిత్స గురించి చెప్పారు. కొంత మందు, ఎక్కువ సాధన. కాశింబీ తలుపుకి ఒక్కసారే చెయ్యి తిప్పాలి. భయం వేస్తున్నా వెనక్కి తిరగకుండా నడిచిపోవాలి. ఆ భయం దానంతటది తగ్గేదాకా భరించాలి. తను వెళ్ళాక మిగతా రెండు చేతులూ మామూలుగా చూసుకోవచ్చు. కానీ తను వినేటట్టు ఎవరూ "మూసుకుంది" అనకూడదు. ఆ మాట వింటే ఆ పూటకి భయం ఆగుతుంది, మర్నాడు ఇంకోసారి వినాలనిపిస్తుంది, అలా జబ్బు బలపడుతుందట.

ఈ మాట ఊరివాళ్ళకి చెప్పడానికి భోజనశాలలో నిలబడ్డాను. కాశింబీయే చెప్పమంది, పక్కనే కూచుంది. పుట్టిన దగ్గర్నించీ ఆ మాట అనడమే మర్యాదగా పెరిగిన జనం. ఒక మనిషి తలుపు చూసుకుని వెళుతుంటే నోరు మూసుకోవడమంటే వాళ్ళకి ఎంత కష్టమో నాకు తెలుసు.  అంతకుముందు తలుపే చూసుకోదంటమ్మా అని నవ్వినవాళ్ళలో ఒకావిడ లేచి, "ఎన్నాళ్ళు ఊరుకోవాలో చెప్పు, ఊరుకుంటాం" అంది.

మూడు నెలల తర్వాత, వెలుగు 5

ఈ రాత ముగించమని కేంద్రం చెప్పి చాలా రోజులైంది. ఇంకొక్క రోజు రాసి ముగిస్తాను, ఏమంటారో అనుకోనివ్వండి.

మొదటి నెల కాశింబీకి నరకం. తలుపు దాటి పది అడుగులు వేసి, గోడకి ఆనుకుని చెమటలు కక్కేది. చాలాసార్లు వెనక్కి వెళ్ళిపోయింది. పక్కన నడిచే నాకు నాలిక చివరి దాకా వచ్చేది ఆ మాట, పళ్ళు బిగించి మింగేదాన్ని. రెండో నెలకి వంటింటి దారి అరగంటైంది. ఇప్పుడు ఏడు నిమిషాలు. అరచేతికి కొత్త తోలొచ్చింది. కూర మాడటం లేదు.

ఇవాళ పెద్ద తలుపు దగ్గర మొదటి చెయ్యి తను వేస్తానని కాశింబీయే అడిగింది. రెండో చెయ్యి నేను, మూడోది మాలకొండయ్య మామ. రాయి బండి లోపలికొచ్చింది, తలుపు మూశాం. కాశింబీ అరచెయ్యి ఆనించి చుట్టూ తిప్పింది. మొదలెట్టిన చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడే ఉండిపోయింది. దాని ఊపిరి నాకు వినపడుతోంది. డ్యూటీలో లేనివాళ్ళు కూడా ఏదో పనున్నట్టు ఆ చుట్టుపక్కలే తచ్చాడుతున్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు.

"చూశా" అంది. చెయ్యి తీసేసి, తిరిగి, నడిచింది. వెనక్కి చూడలేదు.

నేను నా చెయ్యి తిప్పాను. మామ తన చెయ్యి తిప్పి, సొరంగం మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా పెద్ద గొంతుతో అరిచి చెప్పిన మాటని పెదాలు బిగించి ఆపుకున్నాడు. కాశింబీ మలుపు తిరిగి, అడుగుల చప్పుడు కూడా ఆగిపోయాక, నాకొక్కదానికే వినపడేటట్టు "మూసుకుంది" అన్నాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం కాశింబీ ఆస్పత్రికి వచ్చింది. పాత ఫారం ఉంటే ఒకటి ఇమ్మంది.

"అది రద్దయింది కదే. ఎందుకూ?"

"ఇయ్యి ముందు."

ఇచ్చాను. మొదటి ప్రశ్న ఒక్కటే చదివింది. తలుపులూ తాళాలూ రోజుకి ఎన్నిసార్లు సరిచూసుకుంటారు? గడిలో ఒకటి వేసింది. మిగతా పందొమ్మిదింటి జోలికి పోలేదు. కాగితం నా ముందుకి తోసి, "ఇయ్యాళ చూశా ఏస్తేరూ, నిజంగానే చూశా" అని, మంచం మీద కూచుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మార్కు పెరిగిందని ఈ ఊళ్ళో మురిసిపోయినవాళ్ళలో మాలకొండయ్య మామ తర్వాత నేనే. ఆ కాగితం తెర పక్కన గోడకి అంటించాను. పేరు దాస్తానన్నాను. వద్దని, కింద తనే పెద్ద అక్షరాలతో కాశింబీ అని రాసి వంటింటికి వెళ్ళిపోయింది.